బాపు వేసిన ముడి

ఆ రోజుల్లో మూతికి మాస్కూ ఇంటికి ఇంటర్నెట్టూ ఉంటే మనిషి గట్టెక్కినట్టే లెక్క. మాస్కులకు మాకు కొదవ లేదు, సూరత్‌లో ఉండి గుడ్డకు కరువేమిటి? ఇంటర్నెట్ మాత్రం లేదు. అప్పుడే డిగ్రీ పూర్తి చేసిన నేను సూరత్ శివారు ఉన్‌లోని మా ఇంట్లో సెల్‌ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం కిటికీకీ మెట్లకీ మధ్య కవాతు చేస్తుండేదాన్ని. అలాంటి సమయంలో హైదరాబాదు కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. షరతు ఒక్కటే, ఇంటికి వైరు కనెక్షన్ ఉండాలి. మా బాపు పనిచేసే మగ్గాల కార్ఖానా అప్పటికి నడిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఈ ఉద్యోగం రాకపోతే సామాను సర్దుకుని సొంతూరు కరీంనగర్ వెళ్ళిపోదామని అమ్మ అనేసింది కూడా.

కనెక్షన్ ఎంపిక బాపు తన నెత్తిన వేసుకున్నాడు. ఇద్దరు ఏజెంట్లు వచ్చి స్పీడు గురించి ఊదరగొడుతుంటే ఆయన అవేవీ చెవిన పెట్టకుండా, “మాల్ దిఖావ్” అని సరుకు చూపించమని, ఇద్దరి దగ్గరా ఒక్కో వైరు ముక్క తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు, వెలుతురుకు పట్టి చూశాడు, చివరికి అగ్గిపుల్ల గీసి కొస కాల్చాడు. (దారం ఏ రకమో మా వాళ్ళు తేల్చేది అలాగే. బూడిదైతే నూలు, ముద్దకడితే పాలిస్టర్.) మొదటి వైరు కరిగి నల్లగా ముద్దకట్టింది.

“పాలిస్టర్ బిడ్డా! గిది వద్దు.”

“బాపూ, అది ఇంటర్నెట్. చీర కాదు.”

“ఏదైతేంది? మాల్ మాలే.”

రెండోదీ ముద్దకట్టింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యానికి ముచ్చటపడి బాపు దాన్నే ఖాయం చేశాడు.

బ్రౌజరు ఎంపిక నా వంతు. నేనేదో చదువుకున్నదాన్ని కదా, స్నేహితురాళ్ళు తలా ఒకటి చెబితే అన్నీ పాత ల్యాప్‌టాప్‌లోకి దించాను. తెరిచినప్పుడల్లా ప్రతిదీ “ఇకనుంచి నన్నే వాడతావా?” అని అడిగేది. కాదంటే బాగుండదని అన్నిటికీ సరేనన్నాను.

“కనెక్షన్ ఒక్కటే తీస్కుంటిమి గదా, గిన్ని తలుపులేంది?” అన్నాడు బాపు.

ఇంటర్వ్యూ రోజున పైన ఇస్త్రీ కుర్తా, కింద వెలిసిపోయిన పైజామాతో కూర్చుని లింకు నొక్కాను. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. ఇంకో బ్రౌజరు తెరిచాను. అదే గుండ్రం. అన్నీ అయిపోయాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

“ఏమాయె బిడ్డా?”

“నెట్ వస్తలేదు బాపూ!”

“ఎందుకు రాదు? పొద్దున బీరువా జరుపుతుంటే వైరు తెగింది గని, అప్పుడే ముడేసిన గదా!”

వెళ్ళి చూశాను. మగ్గం మీద తెగిన పోగును కంటికి ఆనకుండా కలిపే ఆ చేతులు, లోపల ముడితో అతకని గాజుపోగున్న వైరును కూడా అంతే నున్నగా ముడివేశాయి. “గుంజి చూడు, ఊడితే నన్నడుగు” అంటున్నాడాయన ధీమాగా.

నా ఏడుపు విని కింది ఇంటి గుజరాతీ అక్క, బెన్ అంటాం, పరుగెత్తుకొచ్చి, “దీక్రీ, మారో ఫోన్ లే” అని తన ఫోను చేతిలో పెట్టింది. నా ఫోనులా కాక దానికి సిగ్నల్ బాగుంది. ఆ నెట్ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే మొట్టమొదటి బ్రౌజర్లోనే లింకు తెరుచుకుంది. తెర మీది మేడమ్ ఆలస్యమెందుకైందని అడిగింది. కరెంటు పోయిందని చెబుదామని నోరు తెరిచానో లేదో, వెనకనుంచి బాపు తల పెట్టాడు.

“ముడి నేనే ఏసిన మేడం. గట్టిగనే ఏసిన. గయినా ఎందుకో నడుస్తలేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. మేడమ్ మాత్రం సంగతంతా అడిగి చెప్పించుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. ఇంతకన్నా పోయే పరువు ఏముందనుకున్నాక నాకు భయం పోయింది. ఏది అడిగినా గడగడా చెప్పాను. ఉద్యోగం వచ్చింది. మేము ఉన్‌లోనే ఉండిపోయాం.

లైన్‌మన్ వచ్చి కొత్త వైరు వేస్తూ ఆ ముడి ఉన్న ముక్కను కత్తిరించి పారేస్తుంటే అడిగి తీసుకున్నాను. ఇప్పుడు నేనే ఆఫీసులో కొత్త పిల్లలకు కనెక్షన్ల గురించి జ్ఞానబోధ చేస్తుంటాను. (ఇంటికి కొత్త వైరు వస్తే ముందు వేళ్ళ మధ్య నలిపి చూస్తానన్నది వాళ్ళకు తెలియదు.) బాపు మగ్గం మానేశాడు, చేతులు వణుకుతున్నాయి. ఆ ముక్కను అప్పుడప్పుడు రెండు కొసలూ పట్టుకుని గుంజుతాను. ఇంతవరకూ ఊడలేదు.