రుబెల్లా పరీక్ష తేలేదాకా

అప్పుడు నాకు మూడో నెల. పుల్లలచెరువు దగ్గర పల్లెలో ఉండే మా అక్కను చూసి మార్కాపురం తిరిగొచ్చాను. అక్కడున్నంతసేపూ అక్క కూతురు నా ఒళ్లోంచి దిగలేదు. మర్నాడే అక్క ఫోన్ చేసింది.

"పాపకు ఒళ్లంతా ఎర్రగా పేలింది. రుబెల్లా అయ్యుండొచ్చని డాక్టరు చెప్పినాడు. కడుపుతో ఉన్నోళ్లకు మంచిది కాదంట. నీకు ఎట్ల చెప్పాలో తెలీలేదు."

నేను చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"ఈ నెలల్లో తల్లికి సోకితే బిడ్డ కళ్లకు, చెవులకు, గుండెకు ప్రమాదం. నీకు ఎప్పుడో వచ్చిపోయి ఉంటే రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. అప్పుడు భయం లేదు" అందామె.

"చిన్నప్పుడు నాకు తట్టు పోసిందని మా అమ్మ చెప్తాది మేడం."

"అది తట్టో ఇదో ఇప్పుడెట్ల తెలుస్తుంది? పరీక్ష చేద్దాం."

రక్తం హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి మిద్దె ఎక్కేదాన్ని. దిగొచ్చి మచ్చలు లేచాయేమోనని అద్దంలో మెడ చూసుకునేదాన్ని. మా అత్తకు అక్క మీద కోపం.

"పిల్లకు బాగలేని ఇంటికి పోవడమేంది?"

"నేను పోయినప్పుడు బాగానే ఉన్నిందత్తా."

మా ఆయన దుకాణం నుంచి అన్నానికొచ్చి, "కాసేపు కూర్చో" అనేవాడు.

"కూర్చుంటే ఇంకా భయమైతాంది."

అక్క మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ చిన్నపిల్ల మీద కోపం వచ్చేది, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసేది.

చివరికి డాక్టరమ్మ పిలిపించింది. "పాత యాంటీబాడీలు ఉన్నాయి. కొత్తగా సోకిన గుర్తు లేదు. కొన్నాళ్లాగి ఇంకోసారి చూద్దాం."

ఆస్పత్రి మెట్ల మీద నుంచే అక్కకు ఫోన్ చేశాను.

"ఏమన్నారు?" అంది, ఎత్తీ ఎత్తగానే.

"నాకు ఎప్పుడో వచ్చిపోయిందంట."

అక్క ఏడుపు వినిపించింది. పాప ఫోన్ లాక్కుంది. "చిన్నమ్మా, నా మచ్చలు పోయినాయి. ఎప్పుడొస్తావు?"

"వస్తాలే" అన్నాను. రెండో పరీక్ష కూడా బాగుందని తెలిసేదాకా మాత్రం ఆస్పత్రికి తప్ప గడప దాటలేదు.

ఆడపిల్ల పుట్టింది. కళ్లు, చెవులు, గుండె అన్నీ బాగున్నాయన్నారు. అయినా చాలాకాలం, వంటింట్లో గిన్నె జారిపడ్డప్పుడల్లా నా చూపు ఉయ్యాల వైపే పోయేది, ఉలిక్కిపడిందా లేదా అని.