పడతానన్న భయంతోనే తై చీ నేర్చుకోవడానికి మదనపల్లెకు

పోయినేడు బాత్రూంలో జారి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు. కుప్పంలో మా వీధి చివరి కూరగాయల బండి దాకా వెళ్లాలన్నా గోడ పట్టుకునేదాన్ని. డాక్టరు తై చీ చేయమన్నారు, ఒంటి నిలకడ కోసం మెల్లగా కదిలే చైనా వ్యాయామం. మదనపల్లెలో ఎస్తేరమ్మ అనే రిటైర్డు నర్సు శనివారాలు చర్చి ఆవరణలో నేర్పుతారని తెలిసింది. "నేనూ వస్తాలే" అన్నారు మా ఆయన. ఆయన చెయ్యి పట్టుకుని వెళ్తే ఇక ఎప్పటికీ ఒంటరిగా నడవలేనేమో అనిపించి వద్దన్నాను.

తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి, పలమనేరు మీదుగా పుంగనూరు చేరి అక్కడ బస్సు మారాలి. ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు. పుంగనూరులో దిగడానికి బస్సు మెట్టు మీద నిలబడితే నేల ఎక్కడో పాతాళంలో ఉన్నట్టుంది. రెండు చేతులా రాడ్డు పట్టుకుని బిగుసుకుపోయాను.

"యాల నిలబడిపోతివమ్మా? దిగు, ఎనకాల జనం ఉండారు" అని కండక్టరు విసుక్కున్నాడు. ఎవరో ఒకామె చెయ్యి అందిస్తే దిగాను. సిగ్గుతో తల ఎత్తలేదు. పక్కనే పలమనేరు బస్సు ఆగి ఉంది, తిరిగి ఇంటికి వెళ్లిపోదామనిపించింది. ఎలాగో మనసు గట్టి చేసుకుని మదనపల్లె బస్సెక్కాను.

బస్టాండు నుంచి చర్చి ఆవరణకు ఆటో యాభై రూపాయలు. ఎస్తేరమ్మ నా ఊరూ వివరాలూ అడిగి, చిన్న ప్రార్థన చేసి, అందరి చేతా చెప్పులు విప్పించారు. "ముందు బరువెయ్యకుండా ఖాళీ కాలు పెట్టమ్మా. కింద నేల ఉండాదని తెలిసినాకనే బరువెయ్యి" అన్నారు. కాలు ముందుకు పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాను.

"పడిపోతానక్కా!"

"మీది సేద్యం ఇల్లే కదా? నెత్తిన సద్ది గంప పెట్టుకోని తడి గెనిమ మీద ఎట్ల నడిస్తివి? కిందికి సూస్తా నడిస్తివా?"

లేదు. గుడుపల్లె దగ్గర మా నాన్న చేలో కూలీలకు సద్ది మోసేటప్పుడు కాళ్ల కింది గెనిమ గట్టు వైపు చూసిందే లేదు. చూస్తే గంప పడుతుంది. ఈ ఏడాదంతా నేను నేల మీద నుంచి కళ్లు తీయలేదు. తలెత్తాను. ఆవరణ ఆ చివరి దాకా నడిచాను.

భయం పోయిందని అబద్ధం చెప్పను. తిరుగు బస్సులో దారి పొడవునా దిగే మెట్టు గురించే ఆలోచించాను. మీరూ వెళ్లేటట్టయితే ముందు తలుపు పక్క సీటు చూసుకోండి, తోపులాట ఉండదు. కుప్పంలో మెట్టు మీద ఆగితే ఈ కండక్టరుదీ అదే తొందర, "బిరీన దిగమ్మా!"

"ఉండప్పా, కాలింకా ఖాళీగా ఉండాది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. కింద మా ఆయన చెయ్యి చాపి నిలబడ్డారు. ఆ చేతిలో సంచి పెట్టి, నేను దిగాను.