చిన్నాయన పెట్టెలో సూదీదారం

నిన్న గండికోటలో, పారాగ్లైడింగ్ కాడ మనుషుల్ని గాల్లో ఎగరేసే రంగు గుడ్డను ఒకాయన చాపలాగా చుట్టి పక్కన పడేస్తాంటే, ఆ నైలాన్ వాసనకు మా చిన్నాయన నీలం రేకుపెట్టె గుర్తొచ్చింది.

మన పొద్దుటూరు బడి బ్యాచ్‌కు గుర్తుందా? ఎయిర్‌ఫోర్స్‌లో మా చిన్నాయన ఫైటర్ తోల్తాడని మీకందరికీ కోతలు కోసింది నేనే. ఆయన లీవులో వచ్చినప్పుడు ఆ పెట్టె తెరిచి చూసినా. సూది, నైలాన్ వాసనొచ్చే దారం, కత్తెర ఉన్నాయి. నాకు శానా అనుమానమొచ్చింది.

“చిన్నాయనా, నువ్వు విమానం తోల్తావా, గుడ్డలు కుడ్తావా?” అని నిలదీసినా.

“పారాచూట్లు చిరిగితే కుట్టి, మడుస్తానప్పా. విమానం అంటుకుంటే పైలట్ దూకేది ఆ గుడ్డను నమ్ముకొనే. మడిచినోడు కార్డులో సంతకం పెట్టాల. అది చూడందే ఎవురూ తగిలించుకోరు” అన్నాడు.

నేను నమ్మలేదు. దర్జీ పని దాచిపెడతాండాడనుకొని, బళ్లో ఆయన మాటెత్తడమే మానేసినా. ఇప్పుడు ఆయన లేడు.

“ఎగుర్తావా అన్నా?” అన్నాడు నిన్న ఆ గుడ్డ చుట్టినాయన.

“దీన్ని మడిచిందెవురు? సంతకం పెట్టిన కార్డు యాడుంది?” అన్నా.

ఆయన నాపక్క అనుమానంగా చూసినాడు. అచ్చం ఆ పొద్దు నేను చిన్నాయనను చూసినట్టే.