ప్లగ్గులన్నీ మగవాళ్ల వైపే

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది, ప్రతి అభిప్రాయానికీ ఒక నంబరు ఉండేది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఒకటి సంపాదించుకుని, రామచంద్రపురం దగ్గర మా ఊళ్లోనే మేడ మీది గదిలో లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. పగలు కంపెనీ పని చేసి, సాయంత్రం ఫోనులో దేశాన్ని బాగుచేసేవాణ్ణి. వీడియో గేముల వల్ల మెదడుకి కలిగే లాభాలు పదకొండు (పన్నెండోదాని కోసం ఆలోచన సాగుతూ ఉండేది). టెక్నాలజీ అందరికీ అందాలంటే చేయవలసిన పనులు ఎనిమిది. ఆడా మగా సమానత్వానికి అడ్డుపడే అలవాట్లు పద్నాలుగు. ఈ పద్నాలుగింటినీ నేను ఆవేశంగా టైపు చేస్తుంటే మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేది, కాసేపాగి మళ్లీ ఎక్కి వచ్చి ఖాళీ గ్లాసు పట్టుకెళ్లేది. ఆ మెట్లు పదిహేనో నంబరు కింద రాయదగినవని నాకు ఒక్కరోజూ తట్టలేదు.

అయితే అభిప్రాయాలతో సరిపెట్టుకోకుండా ఒక పని కూడా చేశాను, అది చెప్పుకోవాలి. టీవీకి తగిలించి ఆడుకునే నా పాత గేమ్ మెషీన్ని, రెండు కంట్రోలర్లతో సహా, మా చర్చి హాల్లో పెట్టించాలనుకున్నాను. ఊళ్లో అలాంటిది కొనుక్కోగలిగిన ఇళ్లు రెండో మూడో. మిగతా పిల్లలు కిటికీల్లోంచి చూసి వెళ్లిపోయేవాళ్లు. హాల్లో ఉంటే అందరిదీ అవుతుంది. హాల్లో టీవీ ఎలాగూ ఉంది. కావలసిందల్లా సంఘ పెద్ద అనుమతి. ఆయన రిటైరైన హెడ్మాస్టారు. ఊళ్లో సగం మంది ఆయన చేత చెవి మెలి పెట్టించుకున్నవాళ్లే, నాతో సహా.

పదకొండు లాభాలూ ప్రింటు తీసి తీసుకెళ్లాను. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మొదట రెండు అక్షరదోషాలు దిద్దారు.

"ఏంటి బాబూ ఇది? ఫోన్లు చూసి చూసి పిల్లల మెడలు కొంగల్లా వంగిపోయినియ్. ఇప్పుడు దేవుడి హాల్లో కూడా ఇదేనా?"

"ఇది ఒంటరిగా చూసే ఫోనులాంటిది కాదండి, నలుగురూ కలిసి ఆడేదండి. ఏడో పాయింటులో రాశానండి."

ఏడో పాయింటు మళ్లీ చదివారు. మాస్టారిలోని గొప్పతనం అదే. ఎదుటివాడు ఎంత కుర్రవాడైనా, రాసి తెచ్చినదాన్ని చదవకుండా కొట్టేసేవారు కాదు.

"సరే. వచ్చే శనివారం మధ్యాహ్నం పెట్టు. నేనూ వచ్చి కూర్చుంటాను. నలుగురూ కలిసి ఆడినట్టు నా కంటికి కనపడాలి. కనపడితే మెషీన్ ఇక్కడే ఉంటది. లేదంటే ఆ సాయంత్రమే అట్టపెట్టెలో పెట్టి నువ్వే పట్టుకుపోవాలి. మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

వారం రోజులు సన్నాహాలు చేశాను. కరెంటు పోతే ఇన్వర్టర్. ఇన్వర్టర్ పోతే పక్కింటి జనరేటర్. నాలుగు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు. కంట్రోలర్ల బ్యాటరీలు రెండు జతలు, పనిచేస్తున్నట్టు పరీక్షించినవి. గోడకి అంటించడానికి పదహారు నిబంధనలు. మొదటి నిబంధన పెద్ద అక్షరాల్లో: "ఆడవారికి, మగవారికి సమాన అవకాశం." దాని ఫోటో తీసి ఫోనులో పెడితే ఎక్కడెక్కడివాళ్లో చప్పట్లు కొట్టారు. శనివారం పొద్దున్నే హాలుకి వెళ్లి, మైకుల బోర్డు ఉన్న ఎడమ గోడ దగ్గర టేబులు వేసి, టీవీ పెట్టి, అన్నీ తగిలించి, వైర్లని నల్లటేపుతో నేలకి అంటించాను. ఎవరి కాలికీ తగలకూడదు కదా (పదకొండో నిబంధన).

మా హాల్లో ఎడమవైపు మగవాళ్ల చాపలు, కుడివైపు ఆడవాళ్ల చాపలు, మధ్యలో నడవ. మా తాత చిన్నప్పటి నుంచీ ఇంతే. ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరూ కూర్చోమని చెప్పరు. గుమ్మం దాటగానే కాళ్లే అటో ఇటో తిరుగుతాయి. నా కాళ్లూ పుట్టినప్పటి నుంచీ ఎడమకే తిరిగాయి గనక, దాని గురించి ఆలోచించే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం రెండున్నరకల్లా హాలు నిండిపోయింది. కుర్రాళ్లు టేబులు చుట్టూ మూగారు. ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు, మామ్మలు కుడివైపు చాపల మీద కూర్చుని మెడలు సాచి చూస్తున్నారు. కారు పందెం మొదలైంది. గంట గడిచింది. ఆడేవాళ్లంతా మగపిల్లలే. మాస్టారు కుర్చీలో కూర్చుని గడియారం వంక, కుడివైపు చాపల వంక మార్చి మార్చి చూస్తున్నారు. నేను మైకులో మూడుసార్లు ప్రకటించాను: "ఆడపిల్లలు కూడా రావచ్చండి, మొదటి నిబంధన చూడగలరు." ఒక్కరూ కదల్లేదు. స్త్రీలలో ఈ ఆటల పట్ల సహజమైన ఆసక్తి తక్కువై ఉండవచ్చునని ఫోనులో ఒక పాయింటు నోట్ చేసుకోవడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడు మా మేనత్త నన్ను సైగ చేసి పిలిచింది. అత్త మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. రోజూ ఎనభై మంది పిల్లలకి గొడవ రాకుండా వడ్డించే మనిషి.

"ఏరా, రమ్మంటున్నావు గానీ ఎక్కడికి రమ్మంటున్నావురా?"

"టేబులు దగ్గరికి అత్తా."

"ఆ టేబులు ఎటుంది?"

చూశాను. "ప్లగ్గులు అటే ఉన్నాయి అత్తా. మైకుల బోర్డు..."

"ప్లగ్గులకి తెలీదులే పాపం. నీకు తెలీదా? నా పక్కనున్న ఈ పిల్ల లేచి, ఇంతమంది ముందు నడవ దాటి, మగపిల్లల చాప మీద వాళ్ల మధ్యన కూర్చోవాలా? సాయంత్రానికి ఊరంతా దీన్ని ఏమనుకుంటదిరా? సమానమని గోడకి అంటిస్తే సరిపోద్దా?"

అక్కడ నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. తప్పు దొరికింది గనక దాన్ని అక్కడికక్కడే, మూలాల్లోంచి సరిచేయాలనిపించింది. మైకు తీసుకున్నాను. ఇటు అటు అనే ఈ విభజనే పాతకాలపు ఆలోచన అన్నాను. సమాజం అన్నాను, చైతన్యం అన్నాను. పద్నాలుగింటిలో ఆరు దాకా వచ్చాను. ఈ రోజు నుంచి అందరూ ఎక్కడ పడితే అక్కడ కూర్చోవాలని పిలుపునిచ్చాను. ఆడపిల్లలు తలలు దించుకున్నారు. ఇద్దరు అమ్మలు పిల్లల్ని తీసుకుని లేచారు.

మాస్టారు కూడా లేచారు. కోపంగా ఉన్నా బాధపడేవాణ్ణి కాను. జాలిగా ఉన్నారు. "ఇంక సర్దేయ్ బాబూ," అన్నారు.

అట్టపెట్టె కోసం వంగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి (దుమ్ము అని చెప్పాను). ఇంతలో వెనక బరబరమని చప్పుడు. మా అత్త చీర కొంగు నడుముకి దోపుకుని, టీవీతో సహా టేబుల్ని నడవలోకి లాగుతోంది.

"అత్తా, కేబులు చాలదు!"

"లెక్కలు తర్వాత చెబుదువు గానీ ముందు ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. నల్లటేపు పరపరా ఊడొచ్చింది. కేబులు చాలింది, జానెడు మిగిలింది కూడా. టేబులు సరిగ్గా నడవ మధ్యలో ఆగింది. అత్త ఒక కంట్రోలర్ ఎడమ చాప అంచున పెట్టి, రెండోది కుడి చాప అంచున పెట్టింది.

"మాస్టారండీ, ఎవరి చాప మీద వాళ్లే కూర్చుంటారండి. ఎవరూ ఎటూ దాటక్కర్లేదండి. బడిలో రెండు వరసలకీ అన్నం గిన్నె మధ్యలోనే పెడతానండి నేను. దాన్ని ఓ పక్కకి జరిపిన రోజే గొడవండి." 

మాస్టారు నడవ వంక చూశారు. ఆ నడవ ఎవరిదీ కాదు. ఆయన ఆలోచిస్తుండగానే అత్త కుడివైపు కంట్రోలర్ తీసి, తిన్నగా వెళ్లి మాస్టారి భార్య చేతిలో పెట్టింది. మామ్మగారు హాల్లో గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నాకెందుకే తల్లీ ఇవన్నీ!" అంటూనే మామ్మగారు మీట నొక్కారు.

కారు ముందుకి దూకి, గడ్డివామిని గుద్ది, వెనక్కి తిరిగి, పందానికి ఎదురుగా బయల్దేరింది. కుడివైపు చాపలన్నీ ఒక్కసారి పకపకలాడాయి. "ఇటు మామ్మగారూ, ఇటు ఇటు!" అంటూ ఇందాక లేచిన పిల్లలు కూడా వచ్చి ఆవిడ చుట్టూ కూలబడ్డారు.

"బ్రేకు! బ్రేకు నొక్కు!" మాస్టారు కుర్చీలోంచి అరిచారు.

"మీరుండండీ! నలభై ఏళ్లు మీ స్కూటరు వెనక కూర్చున్నాను, ఒక్కసారన్నా మిమ్మల్ని బ్రేకు నొక్కమన్నానా?"

"అది కాదు, ఆ చెరువు! చెరువు వస్తంది!"

చెరువు వచ్చేసింది. మాస్టారు ఆగలేకపోయారు. గబగబా వచ్చి, వంగి, మీట ఇది కాదు అది అని చూపిస్తూ, కూర్చుండిపోయారు. ఆయన కూర్చున్నది కుడివైపు చాప మీదని హాలంతా చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. నేను అనబోతుంటే అత్త నా కాలు తొక్కింది.

ఆ తర్వాత గంటన్నరలో ఎనిమిది మంది ఆడపిల్లలు ఆడారు. వాళ్లలో ఒకమ్మాయి నన్ను వరసగా మూడు పందేల్లో ఓడించింది. కంట్రోలర్‌లో ఏదైనా లోపం ఉందేమోనని విప్పి చూశాను. ఏ లోపమూ లేదు.

సాయంత్రం అందరూ వెళ్లాక మాస్టారు జేబులోంచి హాలు తాళంచెవి తీశారు. "మెషీన్ ఉంటది. శనివారం శనివారం తెరవండి. టేబులు మాత్రం మధ్యలోనే ఉండాలి," అన్నారు. ఆలోచన నాది, మెషీన్ నాది, పదహారు నిబంధనలూ నావి గనక వినయంగా తలవంచి చెయ్యి చాచాను. తాళంచెవి నా చేతి మీదుగా వెళ్లి మా అత్త చేతిలో పడింది. చాచిన చెయ్యిని ఏం చేయాలో తెలియక జుట్టు సవరించుకున్నాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు తలచుకుంటే మాత్రం, ఖాళీ హాలు మధ్యలో చెయ్యి చాచి నిలబడ్డ ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. వాడు రాసుకున్నవాటిలో చాలావరకు నిజాలే, ఈ రోజుకీ వాటిని నేను కాదనను. వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "ఒరేయ్, ఆ తాళంచెవి చేరవలసిన చోటికే చేరిందిరా" అని చెప్పాలనిపిస్తుంది. చెబితే ఒప్పుకోడు. కారణాలు నంబర్లు వేసి చెప్పమంటాడు.