సైదున్నీసా చూసింది

సైదున్నీసా కుడిచేతికి ఇప్పుడు గాజులు ఎక్కవు. మణికట్టు ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి విరిచినవాడి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు, ముందే చెబుతున్నాను. ప్రొద్దుటూరులో మా వీధిలోనే ఆమె ఇల్లు. ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు పోతే, పూడ్చేముందు శవానికి స్నానం చేయించడం ఆమె పని. గుసుల్ అంటారు దాన్ని.

ఆ పనిలోకి ఆమె మొగుడి శవంతోనే దిగింది. జమాల్ జీపు డ్రైవరు. ఇరవై ఏళ్ల కిందట జమ్మలమడుగు దారిలో ఇంకెవరి కోసమో కాపుకాసినవాళ్లు అతని బండి మీద నాటుబాంబులు వేశారు. మనిషి వేరని తెలిశాక కూడా వదల్లేదు, కిందికి లాగి వేటకొడవళ్లతో నరికారు. ఇంటికి తెచ్చిన మూట విప్పడానికి మగవాళ్లకే చేతులు రాలేదు. మొగుణ్ణి భార్య కడగొచ్చు. సైదున్నీసా కొంగు దోపుకుని కూర్చుంది. అత్త ఖమర్‌బీ అప్పటికే ఈ పనిలో పండిపోయిన మనిషి. ఎదిగిన కొడుకును తల్లి కడగకూడదు కనుక తెర అవతలే నిలబడి చెబుతూ పోయింది.

“కుడిపక్కనుంచి మొదలుబెట్టు. బిరబిరా పొయ్యొద్దు, వానికి నొప్పైతాది. నువ్వు చూసింది యాడా చెప్పొద్దు. వానితోపాటు మట్టిలోకే పోవాల.”

“ఆ పొద్దు చంపినోళ్లను చంపాలని ఉండె” అని సైదున్నీసా ఒకసారి నాతో అంది. “కడిగేకొద్దీ ఆ మంట చేతుల్లోకి దిగిపాయ. నరికేటోళ్లు నరుకుతానే ఉండారు. కడిగేదానికి ఒకరుండాల కదప్పా. దేవుడు నన్నిందుకే మిగిల్చినాడనుకున్యా.”

అప్పట్నుంచి కొండాపురం, పులివెందుల, ఎవరు పిలిచినా పోయింది. కాలినవాళ్లను, బావిలో తేలినవాళ్లను, మెడ సగం తెగినవాళ్లను రేగాకు కాచిన నీళ్లతో కడిగింది. చూసింది ఒక్క ముక్క బయటపెట్టలేదు.

మూడేళ్ల కిందట తహసీన్ చచ్చిపోయింది. మా వీధి ఫరహత్ పెద్దకూతురు. జమ్మలమడుగులో బండల వ్యాపారం చేసే ఆరిఫ్‌కు ఇచ్చారు. మిద్దెమెట్ల మీద జారిపడిందన్నారు. దుప్పటి తీస్తే మెడకు ఒకపక్క బొటనవేలి గుర్తు, ఇంకోపక్క నాలుగు వేళ్లవి. తొడల నిండా సిగరెట్టు వాతలు. సైదున్నీసా మెడకు దూది ఎక్కువ పెట్టి కఫన్ గుడ్డ బిగించింది. బయట ఫరహత్ ఏడుస్తూ అడిగింది, నా బిడ్డ ఎట్లుందని. “నిద్రపోయినట్లుండాది” అంది సైదున్నీసా.

నలభయ్యో రోజు అయిపోగానే, తల్లిలేని పసిబిడ్డ పేరు చెప్పి, చెల్లెలు ఇరమ్‌ను ఆరిఫ్‌కే చేసుకోమన్నారు పెద్దలు. ఇరమ్‌కు పందొమ్మిదేళ్లు. ఆ మాట విన్నాక సైదున్నీసాకు మళ్లీ తహసీనే కళ్లముందు కనబడింది. అదే మెడ, అవే వేళ్లు. చివరికి పోయి ఫరహత్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఆ పొద్దు నిద్రపోయినట్లుండాది అంటివి. ఈ పొద్దు గొంతు పిసికినాడంటాండావు. నీ ఏ మాట నమ్మాల?” ఫరహత్ తలుపు ముఖాన వేసింది. తప్పు ఫరహత్‌ది కాదు.

నిఖా రోజు సాక్షులు ఇరమ్ దగ్గరికొచ్చి, సమ్మతమేనా అని అడిగారు. సైదున్నీసా ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడింది. తహసీన్ ఒంటి మీద చూసిందంతా వాకిలి దాకా వినబడేలా అరిచి చెప్పింది. ఆరిఫ్ తెర చించుకుని వచ్చాడు. చేతికందిన ఇనుప కుర్చీ ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బకు పళ్లు రాలాయి. రెండో దెబ్బకు అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. మిగిలిన చెయ్యి తన మెడకే పెట్టుకుని ఆమె చూపిస్తూనే ఉంది, “బొటనేలు ఈడ, నాలుగేళ్లు ఆడ” అని.

“గుసుల్ చేసినామె నోరు విప్పగూడదు. పాపం!” అని ఒక పెద్దమనిషి గద్దించాడు. మనిషిని కొడుతుంటే ఆయనకు గొంతు లేవలేదు మరి!

సైదున్నీసా నెత్తురు ఉమ్మింది. “దాయమన్నేది చచ్చినోళ్ల మానాన్ని. చంపినోని పేరును కాదు.”

ఫరహత్ ఆరిఫ్ చేతివేళ్లనే చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి మీదపడి అతని ముఖం రక్తాలొచ్చేలా రక్కేసింది. ఇరమ్ తన ముఖమ్మీది పూలతెర పీకి సాక్షుల ముందు పారేసింది. “నాకు సమ్మతం లేదు” అంది.

ఫరహత్ కేసు పెడితే అధికారులొచ్చి తహసీన్ సమాధి తవ్వించారు. గొంతు ఎముక విరిగి ఉందని డాక్టరు రాశాడు. ఆరిఫ్ జైలుకు పోయాడు. కానీ చాలా ఇళ్లవాళ్లు సైదున్నీసాను పిలవడం మానేశారు. ఆమె వస్తే ఇంటి గుట్టు స్టేషన్‌కు పోతుందట! గడ్డపారలతో తవ్వించినా సిగ్గు రాలేదు మనుషులకు.

పోయిన నెల పులివెందుల దగ్గర్నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. కూతురు అత్తింట్లో పురుగుమందు తాగి చచ్చిందంటున్నారని, నువ్వే రావాలని. చెంబెత్తడానికి సైదున్నీసాకు చెయ్యి లేవదు. ఇరమ్ వెంట వచ్చింది. కారులో తీసుకుపోయింది నేనే. తెర ఇవతల నిలబడ్డాను.

“కుడిపక్కనుంచి మొదలుబెట్టు పాపా. మెల్లగ పొయ్యి.”

నీళ్ల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. ఇరమ్ ఏడుస్తోంది.

“కండ్లు మూసుకోవద్దు” అంది సైదున్నీసా. “బాగా చూడు.”