కదిలించని ఇరవై నిమిషాలు

మా డ్రాయింగ్ సార్ పోయారు. మూడు వారాలైంది. ఆ కబురు నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆయన పోయినప్పుడు నేను మూరెడు దూరంలోనే కూర్చుని ఉన్నాను. అయినా నాకు తెలియలేదు.

ఇబ్రహీంపట్నంలో మా కాలనీ కమ్యూనిటీ హాలులో ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి పది పన్నెండు మందిమి చేరతాం. అరగంట కళ్ళు మూసుకుని, శ్వాసను గమనిస్తూ కూర్చుంటాం. సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన సార్ దాన్ని మొదలుపెట్టారు. ఆయన బుద్ధుడి మార్గం పట్టిన మనిషి. నేనేమో బస్ డిపోలో కంట్రోలర్‌గా చేసి వచ్చినవాణ్ణి. బస్సు రెండు నిమిషాలు లేటైతే డ్రైవర్‌ను నిలబెట్టి కడిగేసిన రకం. అందుకే గంట కొట్టే పని నాకు అప్పగించారు. హాలు గోడ మీద ‘కూర్చున్నవారిని కదిలించరాదు’ అని అట్టముక్క మీద రాసి అంటించింది కూడా నేనే. సార్ దాన్ని చూసి నవ్వారు.

“కంట్రోలర్ సాబ్, గిది బుద్ధుడు చెప్పిండా, మీ డిపో మేనేజర్ చెప్పిండా?” అన్నారు. తీసెయ్యమని మాత్రం అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది!

నేను అక్కడికి చేరింది జ్ఞానం కోసం కాదు, బీపీ కోసం. రిటైరయ్యాక తిట్టడానికి డ్రైవర్లు లేక ఇంట్లోవాళ్ళ మీద పడ్డాను. మొదటి రోజే సార్‌తో, “కండ్లు మూస్తే కోపమే వస్తున్నది సార్,” అన్నాను. ఎవరి మీద అని అడిగారు. స్నానాలగదిలో నల్లా సరిగ్గా కట్టెయ్యని మా కోడలి మీద అని చెప్పాను.

“అయితే ఇంటికి పోయి నల్లా వాషర్ మార్చు. మార్చినంక గూడ కోపముంటే గప్పుడు కూసుందాం.”

మార్చాను. చుక్క కారడం ఆగింది. కోడలి తప్పేమీ లేదని తేలిపోయేసరికి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. దుఃఖానికి కారణం ఉంటుందని బుద్ధుడు చెప్పాడట. మా ఇంట్లో అది వేలిగోరంత రబ్బరు ముక్క. సార్ ఎప్పుడూ ఇలాగే చెప్పేవారు. పెద్ద మాటలు వాడితే ఆయనకే నవ్వొచ్చేది.

నెలకోసారి మాకు కాగితాలు, పెన్సిళ్ళు పంచి బొమ్మలు గీయించేవారు. బుద్ధుడి బొమ్మ అనుకునేరు, కాదు. పక్కన కూర్చున్న మనిషి చెవి గీయమనేవారు. నా పక్కన కూర్చునేది మా పెద్ద చెరువు చేపలు అమ్మే చెల్లె. నేను ఐదు నిమిషాల్లో చెవి గీసి, అందరికన్నా ముందు ఇచ్చేశాను. సార్ నా కాగితాన్ని ఆమె చెవి పక్కన పెట్టి చూశారు.

“నువ్వు నీకు తెలిసిన చెవి గీసినవ్ సాబ్. చెల్లె చెవి ఇగో, గీడున్నది. తమ్మె తెగి కుట్లు పడ్డది కనవడలే?”

మూడేళ్ళు పక్కన కూర్చుని ఆమె చెవి తమ్మె తెగిందని నేను చూడలేదు. చేపల చెల్లె పడీపడీ నవ్వింది. బుద్ధుడి చెవులు అంత పొడుగెందుకని ఆమే అడిగింది ఆ రోజు. రాకుమారుడిగా ఉన్నప్పుడు పెట్టుకున్న బరువైన నగలకు సాగాయని సార్ చెప్పారు. “బంగారమైతే తీసిండు గని సాగిన చెవులు గట్లనే ఉన్నయి. మన అలవాట్లు గూడ గంతే. ఇడిసినమనుకుంటం,” అన్నారు. ఆ మాట అందరికీ చెబుతూ నన్నే చూశారని నాకు అనుమానం.

ఇంకోసారి, కూర్చున్న మధ్యలో ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడ్చింది. మేమంతా కళ్ళు బిగించుకుని ఉన్నాం. సార్ లేచి వెళ్ళి, గ్లాసులో నీళ్ళు తెచ్చి, ఆమె పక్కన కూర్చున్నారు. తర్వాత నేను రూల్ సంగతి ఎత్తాను. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

“పక్కనోళ్ళు ఏడుస్తుంటే వినవడకపోతే, గది ధ్యానం గాదు సాబ్, చెవుడు.”

విన్నాను. తల ఊపాను. అట్టముక్క మాత్రం గోడ మీదే ఉంది.

ఆ ఆదివారం ఆయన రోజులాగే చెరువు కట్ట మీద నడిచి, చెమట తుడుచుకుంటూ వచ్చారు. ఒక్క గోలీ వేసుకునే అలవాటు లేని మనిషి. నడుం నొప్పని గోడకు ఆనుకుని కూర్చునేవారు, అలాగే కూర్చున్నారు. ఏడున్నరకు గంట కొట్టాను. అందరూ కళ్ళు తెరిచారు. సార్ తెరవలేదు. ఒక్కోసారి ఐదు, పది నిమిషాలు ఎక్కువ కూర్చోవడం ఆయనకు మామూలే. చప్పుడు కాకుండా చాపలు చుడుతున్నాం.

చేపల చెల్లె నా దగ్గరికొచ్చి గుసగుసగా, “అన్నా, సార్ మొకం జర గట్లున్నదేంది? పెదువులు సూడు,” అంది.

నేను నోటి మీద వేలు పెట్టి, గోడ మీది అట్ట చూపించాను. ఆమెకు చదువు రాదు. అయినా దాని సంగతి తెలుసు. మళ్ళీ ముందుకు అడుగు వేస్తే మణికట్టు పట్టి ఆపాను. “లోతుల ఉన్నడు చెల్లె. గది మనకు సమజ్ గాదు,” అన్నాను. బతికున్న చేపేదో చచ్చిన చేపేదో చూపుతోనే చెప్పే మనిషిని ఆపాను. పైగా ఆ రోజే కొత్తగా వచ్చిన ఇద్దరిని పక్కకు పిలిచి, సమాధి స్థితి అంటే ఇదేనని చెప్పాను కూడా.

ఇరవై నిమిషాలు గడిచాయి. సార్ కళ్ళద్దాలు ముక్కు మీంచి జారి ఒళ్ళో పడ్డాయి. ఆయన తీసుకోలేదు. అప్పుడు వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అది నా చేతిలో బరువుగా వాలిపోయింది.

దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఎప్పుడు ఆగిందని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. గంటకు ముందా, తర్వాతా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ ప్రశ్నకు నాకు ఈ జన్మలో జవాబు దొరకదు.

ఊళ్ళో మాత్రం వేరే కథ మొదలైంది. ధ్యానంలోనే పరినిర్వాణం చెందాడని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. హయత్‌నగర్ నుంచి, తుక్కుగూడ నుంచి వచ్చిన పాత విద్యార్థులు నా చేతులు పట్టుకుని, ఎంత అదృష్టం, అలాంటి చావు ఎవరికొస్తుంది అన్నారు. నేను అవునని తల ఊపాను. ఆ కథ నన్ను దాచిపెడుతోందని తెలిసే ఊపాను. సిగ్గుతో చెబుతున్నాను ఈ మాట.

ఎనిమిదో రోజు ఉండబట్టలేక సార్ ఇంటికి వెళ్ళాను. సార్ ఇల్లాలిని నేను అక్కా అంటాను. అక్క వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, చేపల చెల్లె చెయ్యి పట్టి ఆపిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. అక్క చేతులు ఆగలేదు.

“ఎరుకే తమ్మీ. గా చేపల పిల్ల ఆ దినమే చెప్పింది.”

“మరి నన్నేమనకపోతివి?”

“నువ్వొచ్చి చెప్తవా లేదా అని సూసిన. ఎనిమిది దినాలు పట్టింది నీకు.”

నాకు ఏడుపు ఆగలేదు. తిట్టమన్నాను. అక్క చింతపండు పక్కకు జరిపి నా మొహంలోకి చూసింది.

“ఆయనుంటే నిన్నొక్క మాటనకపోతుండె. నేను ఆయన్ని గాదు గద. నాకు నీ మీద కోపమున్నది. ఎన్ని దినాలుంటదో తెల్వదు. ఉన్నన్ని దినాలు ఉంటది.” చింతపండు మళ్ళీ దగ్గరికి లాక్కుని, “చాయ్ తాగుతవా?” అంది.

తాగాను. ఒక్క ఆదివారం కూడా మాతో కూర్చోని మనిషి, ఉన్న కోపాన్ని ఉన్నట్టు చూసి, ఉన్నట్టు చెప్పింది. సార్ ఇన్నేళ్ళూ మాకు నేర్పాలని చూసింది ఇదే కదా అనిపించింది. ఆయనకు నేను రుణపడింది ఎంతో, అది నాకు అర్థమైంది ఎప్పుడో చూడండి.

మొన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. అక్క వచ్చింది. నాతో మాట్లాడలేదు. నాకు ఎదురు వరుసలో చాప పరుచుకుని కూర్చుంది. అందరూ కళ్ళు మూశారు. నేను మూయలేకపోయాను. ఒక్కొక్కరినే చూస్తూ పోయాను. చేపల చెల్లె భుజం లేస్తోంది, దిగుతోంది. ఆ పక్కన ఇంకొకరిది. అక్క దగ్గరికి వచ్చేసరికి గుండెల మీద కొంగు మెల్లగా లేచి, దిగి, ఆగింది. నేను సగం లేచాను. అంతలో కొంగు మళ్ళీ లేచింది.