తూర్పు గట్టు ఎవలది?

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు రైతుల వాట్సాప్ గ్రూపుకు గంగామణి అడ్మిన్. పసుపంటిన బొటనవేలు కొంగుకు తుడుచుకోనిదే ఫోను ముట్టదు. కొత్త నంబరు వస్తే పేరూ ఫొటో నమ్మదు. "నీ చేనుకు తూర్పు గట్టు ఎవలది? నోటితోని చెప్పు" అంటుంది. వాయిస్ మెసేజ్‌లో వచ్చిన ఆ గొంతును గ్రూపులో అందరికీ వినిపించి, తెలిసినవాళ్లు ఔనంటేనే చేర్చుకుంటుంది. జక్రాన్‌పల్లి రైతు లింబాద్రి ఫొటో పెట్టుకుని వచ్చిన దొంగ ఒకడు ఆ ప్రశ్నకే మాయమయ్యాడు.

మొన్న ఆమె ఫోను పసుపు ఉడికే కడాయిలో పడింది. కొత్త నంబరు నుంచి చేర్చుకొమ్మని అడిగితే, రెండో అడ్మిన్ ముత్తెన్నకు ఎక్కడలేని హుషారొచ్చింది. "రూలు రూలే అక్కా! తూర్పు గట్టు ఎవలది?" గంగామణికి ఒళ్లు మండి గొంతు పంపింది. ముత్తెన్న నవ్వుకుంటూ, వినకుండానే దాన్ని గ్రూపులో పెట్టేశాడు. "నీదే గదర తమ్మీ! పోయినేడు జానెడు మందం నా చేన్లకు జరుపుకుంటివి, యాదికి లేదా?" మూడు వందల మంది విన్నారు. "అక్కనే! అక్కనే!" అని గ్రూపంతా ఒకటే నవ్వులు. తెల్లారేసరికి ముత్తెన్న పార పట్టుకుని గట్టును వెనక్కి జరుపుతున్నాడు. గంగామణి చాయ్ గ్లాసు అందిస్తూ అడిగింది: "ఇప్పుడు గుర్తువట్టినవా నన్ను?"